అడ్డుబద్ద

శివపార్వతి వదినగారు మా ఆయనకి అక్క. 2006 నవంబరులో హేస్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చారు. ఆవిడ వచ్చిన మూడో రోజున నేను యూకలేలీ పైపలకకి అడ్డుబద్దలు అంటించాను. యూకలేలీ అంటే బుల్లి గిటార్‌లా ఉండే నాలుగు తీగల వాయిద్యం. కమ్యూనిటీ సెంటర్‌లో చెక్కపని క్లాసులో చేరి దాన్ని చేస్తున్నాను. పైపలకకి సీడర్ చెక్క నేనే ఎంచుకున్నాను. పదకొండు ముక్కలు వేలితో కొట్టి చూసి, చారలు దగ్గరగా, తిన్నగా ఉన్న ఒక్కదాన్ని తెచ్చుకుని రెండు మిల్లీమీటర్ల మందానికి చిత్రిక పట్టాను. అంత పలచటి పలక తీగల లాగుడికి కుంగకుండా లోపలివైపు బద్దలు ఉండాలి.

నా దగ్గరున్న క్లాంపులు, అంటే చెక్కల్ని బిగించి పట్టే పట్టీలు, పలక మధ్యకి అందవు. అందుకని వంటగట్టుకీ పైన అలమరకీ మధ్య తొమ్మిది వెదురుపుల్లలు విల్లులా వంచి నిలబెట్టాను. అవి బద్దల్ని కిందికి నొక్కి పడతాయి. మర్నాటిదాకా కదపకూడదు.

నేను సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌కి, వెళ్ళి వచ్చేసరికి పుల్లలన్నీ సింకులో ఉన్నాయి. పలక బాల్కనీలో ఉంది. వదినగారు గట్టు మీద పసుపునీళ్ళు చల్లి తుడుస్తున్నారు. జిగురు డబ్బా మీద రాసినదంతా చదివారట. ఎమ్మే చేసిన మనిషి.

"ఆవుతోలు ఉడికించిన పొయ్యి మీదేగా నిన్న నాకు పప్పు వండి పెట్టావు," అన్నారు గుడ్డ పిండుతూ.

గిన్నె వేరని చెప్పాను. తోలుజిగురు ఎండితే రాయిలా ఉంటుందనీ, తప్పు వస్తే వేడినీళ్ళతో ఊడదీసుకోవచ్చనీ చెప్పాను. ముందే చెప్పకపోవడం నా పొరపాటని కూడా ఒప్పుకున్నాను. ఆవిడకి అవేవీ అక్కర్లేదు.

"మీ పుట్టింట్లో ఇవన్నీ చెల్లుతాయేమోలే."

"మా పుట్టింట్లో ఒకరి వంటింటి సామాను ఇంకొకరు బయట పారెయ్యరు, వదినగారూ."

సాయంత్రం మా ఆయన చలపతి రాజీ కుదిర్చారు. జిగురు పారెయ్యాలి. వదినగారు ఉన్నన్నాళ్ళూ వంటింట్లో చెక్కపని ఉండకూడదు. బద్దలు ఎలాగూ అంటుకున్నాయి కదా అన్నారు. నేను సరేనన్నాను.

ఆ తరవాత స్కేలు పెట్టి చూశాను. మధ్య బద్ద ఒక చివర రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. దాని కింద గోరు దూరేంత సందు ఉంది. తీగలు బిగించిన రోజున పలక సరిగ్గా అక్కడే కుంగుతుంది. ఇంకో పలక లేదు.

కెటిల్ పెట్టాను. వేడినీళ్ళలో ముంచిన కత్తితో బద్దని మెల్లగా లేపి తీసేశాను. పొయ్యి వెలిగించి, నీళ్ళగిన్నెలో ఇంకా పారెయ్యని జిగురు సీసా దించాను. వాసన హాల్లోకి వెళ్ళింది.

చలపతి గుమ్మంలోకి వచ్చారు. "ఇప్పుడేగా ఒప్పుకున్నావు?"

"బద్ద జరిగిపోయిందండీ."

"అక్కయ్య కోవెంట్రీ వెళ్ళిపోతానంటోంది, చెల్లాయి విమల వాళ్ళింటికి."

"కాస్త ఈ చివర పట్టుకుంటారా? కదలకుండా."

ఆయన పట్టుకోలేదు. హాల్లో సూట్‌కేసు జిప్పు లాగిన చప్పుడు వినిపించింది. నేను బద్దని గీత మీద పెట్టి, మొదటి పుల్ల వంచి అలమర కింద నిలబెట్టాను. ఈ జిగురు నిమిషంలో చల్లారిపోతుంది. ఆలోగా మిగతా పుల్లలు పెట్టాలి.