ముసుర్లో తూచిన మాట

ఉదయం తొమ్మిదిన్నర. ముసురు. మూడు రోజులుగా పోచంపల్లిలో ఇదే తీరు. ఆరేసిన నూలు ఆరడం లేదు. లీలమ్మ ఆసు చట్రం ముందు కూర్చుని దాని మేకులకు పట్టు దారం చుడుతోంది. సీతారాములు మగ్గం మీద ఉన్నాడు. భార్యాభర్తలకు పొద్దున్నుంచి మాటల్లేవు. కొడుకు శ్రవణ్ పనికి పరదేశం పోతానన్నాడు, తండ్రి పొమ్మన్నాడు, తల్లి ఒప్పుకోలేదు.

లీలమ్మ తమ్ముడు గోపీకృష్ణ గొడుగు మడుస్తూ లోపలికి వచ్చాడు. వెనక అతని కొడుకు రిత్విక్. పరదేశాలకు మనుషులను చూసిపెట్టి కమీషన్ తీసుకోవడం గోపీకృష్ణ పని.

"జర చాయ్ పెట్టు అక్కా."

"పాలు లేవు."

పాలు పొయ్యి మీద కనిపిస్తూనే ఉన్నాయి.

అతను చూపిన పని ఒక ఓడరేవు ఊళ్లో, కొత్త ఇళ్లకు టైల్స్ వేయడం. శ్రవణ్, రిత్విక్, అదే సందులో ఉండే సాయికిరణ్, ఇంకో ఇద్దరు అన్నదమ్ములు, మొత్తం ఐదుగురు కావాలి. ఆ దేశానికీ పక్క దేశానికీ రెండేళ్లుగా యుద్ధం. ఇప్పుడక్కడ అధ్యక్షుడి ఎన్నికలు వచ్చాయి. ఆదివారం ఓట్లు.

"కొత్తాయన గెలుస్తడు. గెలిస్తే లడాయి బంద్," అన్నాడు గోపీకృష్ణ.

"నీకు ఫోన్ చేసి చెప్పిండా?" అంది లీలమ్మ.

"ఒట్టి లొల్లి ఎందుకు," సీతారాములు మగ్గం మీంచే అన్నాడు. "తక్కెడ తియ్యి. ఓట్లకు నిలబడ్డ ఇద్దరి మాటా తూద్దాం. కొత్తాయనది తూగకుంటే పిల్లగాడు పోడు. తూగితే నువ్వు అడ్డం రావొద్దు."

ఆ ఇత్తడి చేతి తక్కెడ సీతారాములు తాత నాటిది. దాంతో పట్టు తూస్తారు, మాటలూ తూస్తారు. ఎడమ పళ్లెం మీద మాట చెబితే అందులో ఎంత నిజముంటే పళ్లెం అంత కిందికి దిగుతుంది. పిల్లనిచ్చేవాళ్లు, జాగా కొనేవాళ్లు వచ్చి తూయించుకుని పోతుంటారు. ఓట్లడిగే నాయకులు మాత్రం ఆ సందులోకి రారు.

"వాళ్ల భాష తక్కెడకు తెలుస్తదా అత్తా?" అన్నాడు రిత్విక్.

"అబద్ధానికి భాషేందిరా," సీతారాములు జవాబిచ్చాడు.

లీలమ్మ కుడి పళ్లెంలో వేసేందుకు తూకం రాళ్లు పక్కన పెట్టుకుని తక్కెడ ఎత్తి పట్టుకుంది. గోపీకృష్ణ ఆ ఇద్దరి ప్రసంగాల వీడియోలు పెట్టి, ఫోన్‌ను ఎడమ పళ్లెం పైన తగలకుండా పట్టుకున్నాడు. కింద వచ్చే అక్షరాలను శ్రవణ్ చదివి తెలుగులో చెప్పాడు.

మొదట, కుర్చీలో ఉన్నవాడు. చిటపటలాడే ముఖం. "బయటి దేశాల కూలీల జీతంలో మూడో వంతు పన్నుగా తీసుకుంటాను." పళ్లెం మూడు తులాలు దిగింది. "గెలిచేదాకా యుద్ధం ఆపను." మళ్లీ మూడు తులాలు.

"దుర్మార్గుడు. గని అబద్ధమాడడు," అంది లీలమ్మ.

తర్వాత, కుర్చీ కావాలన్నవాడు. నవ్వు ముఖం. "ఆ పన్ను వేయను. ఉన్న పన్ను కూడా తీసేస్తాను." మూడు తులాలు. "వచ్చిన వారంలో యుద్ధం ఆపుతాను." నాలుగు తులాలు.

"సూస్తివా," అన్నాడు గోపీకృష్ణ. "నీ పెండ్లిల బావ ఇచ్చిన మాట గూడ గింత తూగలే."

"ఆ ముచ్చట ఇప్పుడెందుకు," అన్నాడు సీతారాములు.

లీలమ్మ రాళ్లు ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టింది. "నీ కొడుకును నిజంగనే పంపుతున్నవా?"

"పంపుతున్న. ఇద్దరూ ఒక్క రూముల ఉంటరు. నేనేమన్న శ్రవణ్‌ను అమ్ముకుంటున్ననా?"

"అమ్ముకుంటే నాకన్న చెప్పి అమ్ముదువు."

అతను గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆదివారం ఓట్లు పడ్డాయి. నవ్వు ముఖంవాడు గెలిచాడు. గురువారం తెల్లారి ఆరు గంటల బస్సుకు ఐదుగురూ గోపీకృష్ణ వెంట బయలుదేరారు. విమానం సాయంత్రం. లీలమ్మ ఐదుగురికీ సద్ది కట్టి ఇచ్చింది. బస్సు దాకా పోలేదు.

ఎనిమిది గంటలకు ఎండ కాసింది, తొమ్మిది రోజుల తర్వాత. కాసేపటికే పట్టు ఇచ్చే సేటు దగ్గర గుమాస్తా మైసయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఇయ్యాల తూద్దామా లీలమ్మా, మిగిలిన పట్టు? ఇన్నొద్దులు ఆగితిమి. ముసుర్ల తూస్తే పట్టు తూగదు, చెమ్మ తూగుతది."

ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాటే. పట్టు తడిగాలిని తాగుతుంది. అందుకే ముసురు రోజుల్లో ఎవరూ తూకం వేయరు. లీలమ్మ చేతిలోని తక్కెడ ఆగిపోయింది.

"పట్టును తూయలేదు," అంది మెల్లగా. "పిల్లగాని బతుకును తూస్తిమి."

ఆనాడే శ్రవణ్ ఆమె ఫోన్‌కు పంపిన నవ్వు ముఖంవాడి వీడియోను ఎండలో నిలబడి మళ్లీ పెట్టింది. పన్ను మాట రెండున్నర తులాలు తూగింది. యుద్ధం మాటకు పళ్లెం కదల్లేదు; ఆనాడు తూగిన నాలుగు తులాలూ చెమ్మే. మళ్లీ పెట్టింది. కదల్లేదు.

సీతారాములు మగ్గం దిగి వచ్చి చూశాడు. "నేతోళ్లమై ఉండి మరిస్తిమి," అన్నాడు.

లీలమ్మ శ్రవణ్‌కు ఫోన్ చేసింది. "ఊకో అమ్మా. ఆనాడు నీ చేతుల్నే తూగింది గద," అన్నాడు. గోపీకృష్ణ ఫోన్ ఎత్తనే లేదు.

తక్కెడను, రాళ్లను తువ్వాలలో చుట్టుకుంది. బస్సులు, ఆటోలు మారి శంషాబాద్ చేరేసరికి ఒంటిగంట దాటింది. విమానాశ్రయం గేటు ముందు ఐదుగురూ బ్యాగుల మీద కూర్చున్నారు. పాస్‌పోర్టులు గోపీకృష్ణ చేతిలో ఉన్నాయి.

"ఇజ్జత్ తియ్యకు అక్కా. ఇంటికి పో."

లీలమ్మ తువ్వాల విప్పి, కుడి పళ్లెంలో రాళ్లు వేసి తక్కెడ ఎత్తింది. కాపలా పోలీసు దగ్గరికి వచ్చి, "అమ్మా, తూకం జర పక్కకు జరిగి వేసుకోండి, బండ్లు వస్తయి," అన్నాడు. ఆమె రెండడుగులు ఎండలోకి జరిగింది.

"అధ్యక్షుడు వద్దు, ఎవ్వరూ వద్దు. నువ్వు చెప్పు. పిల్లలకు ఏం కాదని చెప్పు."

గోపీకృష్ణ పిల్లల వైపు చూశాడు. అందరూ పళ్లెం వైపే చూస్తున్నారు.

"ఏం కాదు," అన్నాడు.

పళ్లెం కదల్లేదు.

"మంచిగ చెప్పు మామా," అన్నాడు శ్రవణ్.

"పిల్లలకు ఏం కాదు." ఈసారి గొంతు పెద్దది చేశాడు. పళ్లెం అట్లనే ఉంది.

ముందు సాయికిరణ్ చేయి చాపి పాస్‌పోర్టు తీసుకున్నాడు. తర్వాత అన్నదమ్ములిద్దరూ. చివరికి శ్రవణ్ తనదీ తీసుకున్నాడు.

గోపీకృష్ణ చేతిలో ఒక్కటే మిగిలింది. "ఒక్కడు గూడ పోకుంటే కంపెనోళ్లకు నేను ముఖమెట్ల చూపియ్యాలె?" ఎవరినీ చూడకుండా అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "నువ్వన్న పోతవారా?"

"వద్దు బిడ్డా," అంది లీలమ్మ.

రిత్విక్ తండ్రి ముఖం చూశాడు. "పోత బాపు."

లీలమ్మ చేతిలో పళ్లెం ఒక్కసారిగా కిందికి లాగింది. రాళ్లున్న పళ్లెం పైకి లేచి, రాళ్లు దొర్లి పడ్డాయి. ఆ మాట అంత బరువు తూగింది. ఆమె రాళ్లు ఏరుకుని లేచేలోపు పిల్లవాడు గేటు దాటాడు.

నెల తర్వాత ఆ దేశంలో కొత్త అధ్యక్షుడు కుర్చీ ఎక్కాడు. మొదటి రోజే కూలీల మీద పన్ను తీసేశాడు. వారం తిరగకముందే యుద్ధం ఓడరేవు దాకా వచ్చింది. రిత్విక్ ఫోన్ మోగడం లేదు.

గోపీకృష్ణ రోజూ సాయంత్రం వచ్చి ఎదురింటి అరుగు మీద కూర్చుంటున్నాడు. రిత్విక్ బతికే ఉన్నాడన్న మాటను తక్కెడలో తూయించుకోవడానికే వస్తున్నాడని లీలమ్మకు తెలుసు. అతను అడగడు. ఆమె తీయదు. చాయ్ మాత్రం పంపుతుంది.

ఆరు దాటాక పిల్లలు పనుల నుంచి ఇళ్లకు వస్తారు. లీలమ్మ గడపలో నిలబడి వేళ్లు విప్పుకుంటూ లెక్కపెడుతుంది. సాయికిరణ్ వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ వచ్చారు. శ్రవణ్ బండి ఆపి లోపలికి పోయాడు. నలుగురు. బొటనవేలు అరచేతిలో మడిచే ఉంటుంది. ఎదురింటి అరుగు మీంచి తమ్ముడు ఆ చేతినే చూస్తుంటాడు. ఆమె మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది.