చదివి వినిపించిన కాగితం

ఎనిమిది జాకెట్లు, ఇరవై ముగ్గురు ఆడపిల్లలు. రోడ్డు భద్రత కార్యక్రమమని, సైకిళ్ళ మీద బడికి వచ్చే పిల్లలందరినీ పోలీస్ స్టేషన్ ముందు ఎండలో నిలబెట్టారు. మెరిసే పట్టీల జాకెట్లు ఎనిమిది మందికి తొడిగి ఫొటోకు నిలబెట్టడం, ఆ చెమట జాకెట్లనే విప్పించి ఇంకో ఎనిమిది మందికి తొడగడం కానిస్టేబుల్ గీతాంజలి పని. మూడో విడతకు వచ్చేసరికి వాటిని పట్టుకుంటేనే వాసన కొట్టింది.

తండా నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల గోరీ తన జాకెట్ విప్పి ఇస్తూ అడిగింది.

"మేడం, గీ అంగీ రేపు గూడ ఇస్తరా?"

"ఇయ్యరు."

"అయితే లారీకి మేము ఇయ్యాల్నే కనవడాల్నా?"

పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. గీతాంజలి నవ్వలేదు. జాకెట్లన్నీ మడతపెట్టి బీరువాలో పడేసి తాళం వేసింది.

తండా నుంచి బడికి నాలుగు కిలోమీటర్లు. కోతలు మొదలైతే ఆ తారురోడ్డు సగం వడ్లకే. ఆరబోసిన వడ్ల మీదికి బండ్లు ఎక్కకుండా అంచు పొడుగునా తలకాయంత రాళ్ళు పేరుస్తారు. ఆరినంక వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్ళను మాత్రం అక్కడే వదిలేస్తారు. సైకిలు పోవలసిన జాగా అది. పిల్లలు నడిరోడ్డుకు రావాలి, అక్కడ లారీలు. గీతాంజలి జనగామ దగ్గరి పల్లెలో పుట్టింది. ఐదేళ్ళు సైకిలు తొక్కే చదువుకుంది. వెనక లారీ హారన్ మోగితే వీపు ఎట్లా బిగుసుకుపోతుందో ఆమెకు ఇప్పటికీ గుర్తే.

ఆ రాళ్ళు తీయించమని, బడి వేళకు ఒక గంట ఎవరినైనా అక్కడ నిలబెట్టమని నెల రోజుల్లో రెండుసార్లు ఎస్సై యుగేందర్‌ను అడిగింది.

"రైతులతోని మనకు లొల్లి ఎందుకమ్మా," అన్నాడాయన, పల్లీలు ఒలుచుకుంటూ. "అయినా అవి కాటమయ్య రాళ్ళు. ఆయనెవరో ఎరికేనా?"

ఎరికే. స్టేషన్‌కు కూలర్ ఇచ్చిన ఆసామి. ఎస్సై వెనక చల్లగా తిరుగుతున్నది అదే.

ఫొటోలు దిగిన నాలుగో రోజు పొద్దున గోరీ పడింది. వెనక లారీ హారన్ కొడితే అంచుకు తిప్పింది. ముందు చక్రం రాయికి కొట్టుకుంది. లారీ ఆగలేదు. కుడి మణికట్టు విరిగింది. తల్లి పిల్లను మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోతే, తండ్రి రెడ్యా ఫిర్యాదు ఇవ్వడానికి స్టేషన్‌కు వచ్చాడు. ఎస్సై అతణ్ణి బయట అరుగు మీద కూర్చోమన్నాడు.

"రాయమ్మా గీతాంజలీ, నీ అక్షరం మంచిగుంటది," అని ఎస్సై తానే చెప్పసాగాడు. "నా కూతురు సైకిలు సరిగా తొక్కరాక, తన అజాగ్రత్త వలన అదుపు తప్పి పడినది. ఇందులో ఎవరి తప్పు లేదు."

"రాళ్ళ సంగతి సార్?"

"ఏ రాళ్ళు? పిలిచి ఏలిముద్ర తీస్కో. నేను చాయ్ తాగొస్త."

గీతాంజలి రాసింది. అలవాటు ప్రకారం చివరి వాక్యం కూడా రాసింది: నాకు చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినాను. మూడేళ్ళ నౌకరీలో ఆ వాక్యాన్ని ఎన్ని కాగితాల మీద రాసిందో. ఎవరైనా ఎవరికైనా చదివి వినిపించగా ఒక్కసారీ చూడలేదు.

లోపలికి పిలవగానే రెడ్యా బొటనవేలు సిరాలో అద్ది వంగాడు.

"ఏడ వెయ్యాలె మేడం?"

ఆ నమ్మకం చూసి ఆమెకు ఎస్సై ఒక్కడి మీదే కాదు, వరుస తప్పని తన అక్షరాల మీద కూడా అసహ్యం పుట్టింది.

"ఆగన్నా. సదువుత, ఇను."

మెల్లగా చదివింది. 'తొక్కరాక' అనే దగ్గర రెడ్యా తల పైకెత్తాడు.

"ఎవలకు తొక్కరాదు మేడం? ఆరో తరగతి సంది తొక్కుతాంది. ఎనక మేకపిల్లను కూసోవెట్టుకొని గూడ తొక్కుతది. రాళ్ళున్నయి గాడ. కాటమయ్యవి. గదే రాయుండ్రి."

"నువ్వు ఆయన పొలంల కూలికి పోతవు గదా. పేరు రాస్తే నీకు కష్టం గాదా?"

రెడ్యా సిరా అంటిన వేలు చూసుకున్నాడు.

"పేరు వద్దనే అనుకుంట వస్తి. గిది ఇన్నంక రాయమంటున్న. నా బిడ్డకు తొక్కరాదని కాయితంల ఉండొద్దు."

ఆమె పాత కాగితం చింపి కొత్తది రాసింది. అదీ చదివింది. రెడ్యా వేలిముద్ర గట్టిగా ఒత్తాడు.

ఎస్సై పళ్ళు కుట్టుకుంటూ వచ్చి కాగితం చూశాడు.

"గిది ఎవలు రాయమన్నరు?"

"ఆయన చెప్పిండు, నేను రాసిన సార్. సదివి ఇనిపించిన."

"ఇది తీసుకుంటే కేసు కట్టాలె. తెలుసా? ఈసారి జాతర బందోబస్తుకు మొదటి పేరు నీదే, చూస్కో."

"సరే సార్."

ఆయన ఫోను తీశాడు. "కాటమన్నా, రోడ్డు మీద రాళ్ళున్నయట. ఇప్పుడే తీయించు. కాయితం మీదికి ఎక్కేటట్టున్నది."

అంతే. పల్లీకాయ ఒలిచినంత సేపు కూడా పట్టలేదు. ఇంత మాట నెల కింద అనడానికి ఈ నోటికి ఏమైందని గీతాంజలి ఆయన మూతినే చూస్తూ నిలబడింది. పళ్ళ సందున ఇంకా పల్లీ పొట్టు ఉంది.

"రాళ్ళు పోతున్నయి గదా రెడ్యా," అన్నాడు ఎస్సై కాగితం మడుస్తూ. "ఇగ గిదెందుకు?"

"రాళ్ళు పోతయి సార్. చెయ్యి ఇరిగింది గదా."

ఎస్సై ఏదో అనబోయేంతలో గీతాంజలి ఆయన చేతిలోంచి కాగితం అందుకుంది. బల్ల మీదున్న ముద్ర వేసి, తేదీ వేసి, రసీదు రాసి రెడ్యాకు ఇచ్చింది.

"లోపలి జేబుల పెట్టుకో అన్నా," అంది. "ఎవలడిగినా ఇయ్యకు. నన్నే పంపిచ్చినా ఇయ్యకు."