ముగ్గు లేని గుమ్మం

దొంగ పట్టుబడింది ఝాన్సీ బద్ధకం వల్లనే అని రైల్వే క్వార్టర్ల తెలుగు లైనులో ఆడవాళ్ళందరూ ఒప్పుకున్నారు.

ఝాన్సీ మొగుడు రవిచంద్ర గూడ్సు బండి గార్డు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి క్వార్టర్లో పడుకుంటే, నిద్ర చెడగొట్టకూడదని ఆమె బయట తాళం వేసి బుధవారి బజారు అనే సంతకి వెళ్ళింది. అతనికి మెలకువ వచ్చేసరికి ఎవడో మిక్సీని గోనెసంచిలో పెడుతున్నాడు. కూలర్ బాగుచేసే మనిషి అనుకుని రవిచంద్ర, "ఠీక్ హో గయా?" అని అడిగాడు. "హో రహా హై" అన్నాడు దొంగ. అని, సంచీ వదిలేసి పరుగెత్తాడు. ఇంజన్ల షెడ్డు నుంచి వస్తున్న వాళ్ళు మలుపులో పట్టుకున్నారు.

ఆ వేసవిలో లైనులో అంతకు ముందే మూడిళ్ళలో దొంగలు పడ్డారు. పిల్లలకి సెలవులివ్వగానే పాసులు తీసుకుని అందరూ విజయనగరం వైపో, శ్రీకాకుళం వైపో వెళ్ళిపోతారు. అయినా ఏ ఇంట్లో మనుషులున్నారో, ఏ ఇంట్లో లేరో దొంగకి ఎలా తెలుస్తోందన్నది ఎవరికీ అంతు చిక్కలేదు. ఆ సంగతి హవల్దారు వచ్చి చెప్పాడు. తెలుగువాళ్ళ లైనులో ఎవరినీ అడగక్కర్లేదట. పొద్దున్నే సైకిలు మీద ఒక చుట్టు తిరిగితే చాలునట. ముగ్గుంటే మనుషులున్నట్టు, లేకపోతే ఊరెళ్ళినట్టు. ఝాన్సీ ముగ్గెయ్యదు కనుక వాడు ఇల్లు ఖాళీ అనుకున్నాడు. వాడి జతగాళ్ళు ఇద్దరు ఇంకా బయటే ఉన్నారు, జాగ్రత్త అని చెప్పి హవల్దారు టీ తాగి వెళ్ళాడు.

ఆ మర్నాటి నుంచి ఊరెళ్ళేవాళ్ళు తాళంచెవితో పాటు ముగ్గు పనీ పక్కింటికి అప్పజెప్పడం మొదలుపెట్టారు. ఝాన్సీ మాత్రం బజారు నుంచి ప్లాస్టిక్ ముగ్గు తెచ్చి గుమ్మం ముందు అంటించేసింది.

కనకమహాలక్ష్మిని లైనంతా మాలచ్చి అంటారు. ఆమె మొగుడు గోవిందరావు షెడ్డులో ఫిట్టరు. పక్క క్వార్టరు అప్పయమ్మది. ఇద్దరూ కొత్త కోడళ్ళుగా ఈ లైనుకి వచ్చినవాళ్ళే. అప్పయమ్మ జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో ఆమె బీరువా నిండా ఎవరెవరివో పట్టు ముక్కలున్నాయి.

ఒక మధ్యాహ్నం బొబ్బిలి నుంచి ఫోనొచ్చింది. అప్పయమ్మ మొగుడు అప్పలస్వామి తల్లి పోయింది. దొరికిన బండికి ఇద్దరూ బయల్దేరారు. వెళుతూ వెళుతూ అప్పయమ్మ తాళంచెవి మాలచ్చి చేతిలో పెట్టింది.

"ఒలే మాలచ్చీ, పెళ్ళోల జాకెట్లు బీరువాలోనే ఉన్నాయి. అవి పోతే ఇంక నాకెవులూ గుడ్డ ఇవ్వరు."

ముగ్గు మాట ఆమె ఎత్తలేదు. మాలచ్చీ అడగలేదు. చావు జరిగిన ఇంటికి పెద్దకర్మ అయ్యేదాకా ముగ్గు పెట్టరు. అది ఒకరు చెప్పే మాటా కాదు, ఒకరు అడిగే మాటా కాదు.

మర్నాడు పొద్దున్న మాలచ్చి తన గుమ్మం ముందు మాత్రమే ముగ్గు పెట్టింది. లోపలికి వెళ్ళబోతుంటే సైకిలు మీద ఒకడొచ్చాడు. అప్పయమ్మ గుమ్మం దగ్గర కాలు ఆనించి, వంగి గొలుసు సరిచేసుకున్నాడు. గొలుసు ఊడి లేదని మాలచ్చి చూసింది. వాడు తాళంకప్ప వైపు చూడడం కూడా చూసింది.

గోవిందరావుకి చెబితే, "థానాలో సెప్పొస్తాన్లే" అన్నాడు. చెప్పొచ్చాడు. పోలీసులెవరూ రాలేదు.

"పోనీ, పగలు నువ్వెళ్ళి అక్కడ కూకోరాదేటి?"

"మైల ఇంట్లో కూకుని వచ్చి నీకు కూడెట్టమంటావా?"

అతను చొక్కా తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు మాలచ్చి తన వాకిలి అయ్యాక, అప్పయమ్మ గుమ్మం ముందు కూడా నీళ్ళు చల్లి నాలుగు గీతల ముగ్గు పెట్టింది. ఎదురింటి శాంతాదేవి పళ్ళు తోముకుంటూ చూసింది.

"ఏటమ్మా మాలచ్చీ, ముసిల్ది పోయిందని పండగ సేస్తన్నావేటి?"

"దొంగోడికి మైల నేదు వదినా."

"వాడికి నేకపోతే నీకూ నేదా?"

మాలచ్చి డబ్బా మూత పెట్టుకుని లోపలికి వెళ్ళింది. సైకిలు వాడు ఆ పొద్దున్న కూడా వచ్చాడు. ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆ తరవాత రాలేదు. ఆమె మాత్రం ముగ్గు మానలేదు.

కర్మ చేసేది అన్నగారు కావడంతో, సెలవు దొరకని అప్పలస్వామి పెద్దకర్మ కాకుండానే ఒక్కడూ తిరిగొచ్చాడు. సంచీ భుజాన వేసుకుని గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. వీధి కుళాయి దగ్గరున్న బాల్చీ తెచ్చి ముగ్గు మీద నీళ్ళు కుమ్మరించాడు. తరవాత వచ్చి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. మాలచ్చి ఇచ్చింది.

కర్మ అయ్యాక అప్పయమ్మ వచ్చింది. బీరువా తెరిచి జాకెట్లన్నీ చూసుకుని, సాయంత్రం గోడ పక్కకి వచ్చింది.

"ఏటీ పోనేదు. అన్నీ ఉన్నాయి."

"మంచిదే కదా వదినా."

"పోయినా బాగుణ్ణు. నానే నీకు సెప్పి ముగ్గెట్టించీసినానని మా ఇంటాయన అనుకుంటన్నాడు. జాకెట్ల కోసరం అత్త సావుని కూడా లెక్క సెయ్యనేదంట నాను. నా సేతి కూడు తింతన్నాడు గాని మొకం సూడ్డం నేదు."

మాలచ్చి గోడ మీది పెచ్చులు గోటితో ఊడదీసింది. అప్పయమ్మ వెళ్ళిపోయాక కొంగు సర్దుకుని పక్కింటికి నడిచింది. అప్పలస్వామి వరండాలో బూట్లు విప్పుకుంటున్నాడు.

"అన్నయ్యా, వదిన నాకు సెప్పనేదు. నానూ అడగనేదు. అడిగితే వద్దనీసేది, అందుకే అడగనేదు. ముగ్గు నాను ఎట్టినాను. తిడితే నన్ను తిట్టు."

అతను రెండో బూటు కూడా విప్పి, రెండూ పక్కపక్కన పెట్టాడు.

"అచ్ఛా" అన్నాడు.

అంతకన్నా ఏమీ రాదని తెలిసి ఆమె వచ్చేసింది. అప్పటి నుంచి గోడ దగ్గర మాటలు తగ్గాయి. కూర గిన్నెలు అటూ ఇటూ వెళ్ళడం ఆగిపోయింది. తన జాకెట్టు ముక్కని మాలచ్చి బజారులో ఇచ్చి కుట్టించుకుంది. చంకల దగ్గర పట్టేసింది.

మాసికానికి ఆ మొగుడూ పెళ్ళాం మళ్ళీ బొబ్బిలి బయల్దేరారు. ఈసారి తాళంచెవి శాంతాదేవికి వెళుతుందని మాలచ్చి అనుకుంది. తలుపు చప్పుడైతే తీసింది. అప్పలస్వామి నిలబడి ఉన్నాడు. తాళంచెవి కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఇప్పుడు మైల నేదు" అన్నాడు, షెడ్డు వైపు చూస్తూ. "ఎట్టుకో."

వెనక రిక్షాలోంచి అప్పయమ్మ గొంతు పెంచింది. "సుక్కలు తిన్నగా ఎట్టు. నీ గీతలు సూసి దొంగోడు కూడా నవ్వుతాడు. నాను ఎట్టినట్టు ఉండాల."

మర్నాడు పొద్దున్న మాలచ్చి ముందు అప్పయమ్మ గుమ్మమే కడిగింది. మొదటి ముగ్గు వంకరగా వచ్చింది. చెరిపేసి, మళ్ళీ చుక్కలు పెట్టింది.