కంటి లోపలి ఫోటో

అన్నంలో రాయి తగలగానే కాటమరాజు పళ్లెం నెట్టేసి, "కళ్లు నెత్తికెక్కినాయా?" అన్నాడు. కళ్ల ముందు నల్లని మసక కదులుతోందని యశోద రెండు నెలలుగా చెబుతూనే ఉంది. మేక దగ్గితే రాచర్ల నుంచి గిద్దలూరు పశువుల ఆసుపత్రికి పరుగెత్తే మనిషికి, ఎనిమిదేళ్లుగా షుగరున్న పెళ్లాం మాట చెవికెక్కలేదు. రాయి పంటికి తగిలాక ఎక్కింది.

మార్కాపురంలో కంటాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నకూ అతనే జవాబు. "షుగరా? కొంచెమే. కనపడకేం, ఊళ్లో అందరి సంగతులూ కనపడతాయి. అద్దాలు రాసియ్యండి చాలు." ఆమె వేసుకునే బిళ్ల రంగు కూడా ఎరగని మనిషి ఎంత ధీమాగా చెబుతున్నాడో అనుకుంటూ యశోద చూస్తూ కూర్చుంది. కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవడానికైనా అవతలి మనిషికి కాస్త విలువుండాలి.

ఫోటోలు తీసే సంతోషమ్మ ఆమెను మిషను ముందు కూర్చోబెట్టింది. "కంటి లోపలి పొరను ఫోటో తీస్తామక్కా. నొప్పేం ఉండదు, వెలుగు ఒక్కసారి మెరుస్తది. చూపు బాగున్నా సరే, షుగరున్నోళ్లు ఏడాదికోసారి చూపించుకోవాల. నీ కంటిపాప చిన్నగుంది, చుక్కలేస్తా. నాలుగైదు గంటలు మసగ్గా ఉంటది."

"అన్ని గంటలా? మరి మేకలకు నీళ్లెవరు పెడతారు?" అన్నాడు కాటమరాజు.

కాసేపటికి తెర మీద ఎర్రటి గుండ్రం వచ్చింది. సన్నని రక్తనాళాలు, వాటి పక్కన చిన్న చిన్న మచ్చలు. సంతోషమ్మ అలవాటు కొద్దీ మొగుడి వైపే తిరిగింది. "ఇవి రక్తం కారిన చోట్లన్నా. డాక్టరమ్మ కూడా కన్ను చూసినాక, లేజరు పెట్టాల్నో లేదో చెబుతది. ఈ ఫోటో మా దగ్గరే ఉంటది. మళ్లా వచ్చినప్పుడు దీంతో పోల్చి చూస్తాం."

కాటమరాజు తల గోక్కున్నాడు. "వంట చేసేదానికైతే ఇబ్బంది లేదు గదా?"

యశోదకు నవ్వొచ్చింది. పద్దెనిమిదేళ్లు ఇతనికా భయపడింది?

"ఇట్ల తిరిగి నాకు చెప్పమ్మా. కన్ను నాది," అంది. ఫోన్ నంబరు అడిగితే అతను నోరు తెరిచేలోపే తన నంబరు చెప్పింది. తర్వాత మొగుడితో, "నువ్వు బస్సెక్కి పో. డాక్టరమ్మతో మాట్లాడి నేనొస్తా," అంది.

"కళ్లు కనపడకుండా ఒక్కదానివే ఎట్ల వస్తావు?"

"ఇన్నేళ్లు నీ ఎనక నడిచినా గదా. అప్పుడు మాత్రం ఏం కనపడింది?"