వేలిముద్ర తర్వాతి గంట

రాత్రి డ్యూటీ నర్సు శశికళ తడి గాజుగుడ్డతో గోవిందరాజప్ప పెదవులు తుడుస్తోంది. ఆయన నీళ్లు కూడా మింగలేకపోతున్నాడు. నోరు ఎండకుండా తడపడమే మిగిలింది. రాత్రంతా నిలబడిన కాళ్లలో ఉబ్బిన నరాలు సలుపుతుంటే ఆమె ఒక్కో కాలూ మార్చుకుంటూ నిలుచుంది. కిటికీ అవతల హొగేనక్కల్ బస్సు కండక్టరు జనాన్ని పిలుస్తున్నాడు.

ఆ వార్డు నర్సుల్లో, రోగుల్లో ఇంటి తెలుగు మాట్లాడేది వాళ్లిద్దరే, మిగతా అందరిదీ తమిళం. మహేంద్రమంగళంలో పశువులు కాచుకునే ఆ ముసలాయన, చేరిన మొదటి రాత్రే ఆమె మాట విని నవ్వాడు. "మీ పెరియంపట్టిలో తెలుగు సగం అరవమైపోయిందే, పాపా" అన్నాడు. అప్పటినుంచి సూది కూడా ఆమె చేతే వేయించుకునేవాడు.

ఇక ఈ రోజు దాటడం కష్టమని నిన్న సాయంత్రమే డాక్టరు చెప్పాడు. అయినా తెల్లవారకముందే కొడుకు ముత్తుకుమార్ ఊరికి పోక తప్పలేదు.

"ఆవులు అరుస్తా ఉంటాయక్కా. పిండేసి వచ్చేస్తాను. అంతవరకూ అప్ప ఒంటిగా ఉండకూడదు."

"నేనుంటాను. పో" అంది శశికళ.

మాట ఇచ్చేటప్పుడు పొద్దున నర్సుల మీటింగు ఉన్న సంగతి ఆమెకు గుర్తులేదు. పగటి డ్యూటీకి వచ్చిన కీర్తిక గుర్తుచేసింది.

ఆ ఆసుపత్రిలో మీటింగుకు ఒక పద్ధతి ఉంది. రాత్రి నర్సులు ముందు యంత్రం మీద వేలిముద్ర వేసి డ్యూటీ ముగించాలి, ఆ తర్వాతే మీటింగులో కూర్చోవాలి. ఆ గంటకు జీతం లేదు. రాకపోతే మాత్రం ఒకరోజు జీతం కోత. వేలిముద్ర వేసినవాళ్లు రోగిని తాకకూడదు కూడా. పెళ్లికాక ముందు ఉద్యోగంలో చేరిన శశికళ ఇన్నేళ్లూ వెనక వరుసలో కూర్చుని, కాళ్లు చాపుకునే వీలు దొరికినందుకే సంతోషించేది. భర్త పాలక్కోడు మార్కెట్టుకు టమాటా బండి తోలుతాడు. కూతురు నివేదిత కాలేజీలో ఉంది. నోరెత్తే తాహతు తనకు లేదనుకునేది.

ముసలాయన దగ్గర ఆయా పచ్చయమ్మాళ్‌ను ఉండమని చెప్పి, ఈ రోజూ వేలిముద్ర వేసి వెళ్లి కూర్చుంది. రోగులతో ఆప్యాయంగా మాట్లాడటం ఎలాగో మేనేజరు విమల్ చెబుతున్నాడు. ఇంతలో పచ్చయమ్మాళ్ తలుపు దగ్గర నిలబడి, ముసలాయన ఊపిరి మారిందని సైగ చేసింది. శశికళ లేచింది.

విమల్ కూర్చోమన్నాడు. వార్డులో కీర్తిక ఉందన్నాడు. మీ డ్యూటీ అయిపోయింది కదా, మీకేం సంబంధం అన్నాడు.

 శశికళ తమిళంలోనే, మెల్లగా అడిగింది.

"డ్యూటీలో లేనిదాన్ని కూర్చోమనేదానికి మీరెవరు సార్?"

 ఆమె బయటికి నడిచింది.

వార్డంతటికీ ఒక్కతే అయిన కీర్తిక, అవతలి మంచం దగ్గర సెలైను మారుస్తోంది. శశికళ స్టూలు లాక్కుని గోవిందరాజప్ప చెయ్యి పట్టుకుంది. ఆయన కళ్లు ఆమె మీద నిలిచాయి గానీ, చూస్తున్నది ఆమెను కాదు.

"పాపా, దూడను కట్టేసినావా?"

"కట్టేసినానప్పా. నువ్వు పండుకో."

ఒక ఊపిరి వచ్చింది. ఇంకొకటి వస్తుందని ఆమె చాలాసేపు చూసింది.

కీర్తిక వచ్చి నాడి చూసి, డాక్టరుకు కబురు పంపింది. తర్వాత తల దించుకుని, "అక్కా, మీరు డ్యూటీలో లేరు గదా... పక్కన ఉన్నది నేనని రాస్తాను" అంది.

"రాసుకో పాపా. వాళ్ల కొడుక్కు నేను చెప్తాను."

ఇంటికి పోయే ముందు తనను కలవమని విమల్ మనిషిని పంపాడు. రేపటినుంచి పని ఉంటుందో లేదో ఆమెకు తెలియదు. ఇంట్లో ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు. ముత్తుకుమార్ వచ్చాక వస్తానని చెప్పి పంపింది.

పచ్చయమ్మాళ్ ఆమె కోసం ఫ్యాను తిప్పి పెట్టింది. దుప్పటి సరిచేద్దామని ఇద్దరూ దిండు ఎత్తారు. దాని కింద, మిగిలిపోయిన గాజుగుడ్డ పీలికలతో ముసలాయన పేనిన పలుపు చుట్టగా ఉంది. తెల్లగా, గట్టిగా, రెండు కొసలా ముడివేసి, దూడ మెడకు సరిపోయేంత.