చేతిపంపు ముందు ఉపన్యాసం

...మొదట లెక్క, తర్వాత కన్నీళ్లు, ఆఖరున వినేవాళ్లకు తన మీద నమ్మకం. కాదు, నమ్మకమే మొదటేమో. మదనపల్లెలో మూడు రోజుల శిక్షణలో రాసుకున్న వరస సరిగ్గా జనం ముందు నిలబడ్డాకే ఆరోగ్య బోధకుడు మునిరత్నానికి తారుమారైంది.

పుంగనూరు దగ్గరి ఈ పల్లెలో చేతిపంపు వేసి నాలుగు నెలలైంది. ఒక్కరూ ఆ నీళ్లు తాగరు. లోపల తోలు వాషరు ఉందట. చచ్చిన గొడ్డు తోలు తాకిన నీళ్లు గొంతు దిగవట. దిగుడుబావి నీళ్లు మాత్రం హాయిగా దిగుతున్నాయి. పిల్లలకు అంతే హాయిగా వాంతులూ విరేచనాలూ అవుతున్నాయి. ఈ రోజు ఊరు ఒప్పుకోకపోతే కుప్పం బదిలీ తప్పదని పైఅధికారి ఎంతో ప్రేమగా చెప్పాడు. మునిరత్నం భార్యకేమో మదనపల్లెలో ఉద్యోగం.

లెక్కతో మొదలుపెట్టాడు. నూటికి అరవై జబ్బులు బావి నీళ్ల వల్లేనన్నాడు.

"మిగతా నలభై యాడివి సారూ? పంపువా?" అన్నాడు రైతు మారప్ప. జనం నవ్వారు.

కన్నీళ్లకు దిగాడు. ఒక తల్లి, ఒక పసిబిడ్డ, ఒక బావి. కథ కల్పితమే గానీ కుప్పం గుర్తొచ్చి గొంతు నిజంగానే వణికింది.

"ఏడవాకప్పా, రోంత మజ్జిగ తెచ్చిస్తా" అంది రుక్మిణమ్మ. ఆమె మనవరాలు రెండు రోజులుగా మంచం దిగలేదు. మజ్జిగలో కలిపేది బావి నీళ్లేనని గుర్తొచ్చి అతని కన్నీళ్లు ఆగిపోయాయి.

ఇక మిగిలింది నమ్మకం. "నేనూ రైతు బిడ్డనేనమ్మా. మాది గుర్రంకొండ. మీకు చెడ్డ చెప్తానా?"

"అది సరేప్పా. నువ్వీ నీళ్లు తాగినావా? ఆ బుజాన ఏలాడే సీసాలో యాడ నీళ్లుండాయి?" అంది రుక్మిణమ్మ.

"ఇంటివి" అనేశాడు. నోటికి శిక్షణ ఇవ్వలేదు కదా.

"మరి మాకు యాల జెప్తాండావు?"

జవాబు కోసం తనలోకి తొంగి చూసుకున్నాడు. లోపల ఒకడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. లెక్కలన్నీ వాడికి తెలుసు. అయినా తోలు అనగానే వాడి నాలుక ముడుచుకుపోతుంది. వాడొక్కడిని ఒప్పించలేకే మునిరత్నం ఇన్నాళ్లూ ఊళ్లకు ఊళ్లు ఒప్పించబోయాడు.

రుక్మిణమ్మ వెళ్లి పంపు పిడి పట్టుకుని కొట్టసాగింది. ఆమె కళ్లు నీటి ధార మీద లేవు, అతని మొహం మీదే ఉన్నాయి.

మునిరత్నం వంగి, కళ్లు మూసుకుని, దోసిలి పట్టి తాగాడు.