మంద ఎవరి చేలో

ఆటలు తయారుచేసేవాళ్ళకు కోటలంటే ఎందుకంత మోజో నాకు అర్థం కాదు. కథలో ఒక మనిషివైపోయి, వాడి బతుకు బతుకుతూ, వాడి నిర్ణయాలన్నీ నువ్వే తీసుకునే వీడియో ఆటలుంటాయి. వాటిలో ఏది తెరిచినా అదే కోట, అదే కత్తి, నిప్పులు కక్కే అదే రెక్కల పాము. చదువుకునే రోజుల్లో అన్నీ ఆడి ఆడి విసిగిపోయాను. ఎవరూ చూడని లోకం కావాలంటే వేరే గ్రహానికి పోనక్కర్లేదు, జమ్మలమడుగు బస్సెక్కితే చాలు అని మైమూన్‌తో అన్నాను. మైమూన్ నవ్వింది గానీ, మర్నాటికల్లా ఒక తుమ్మచెట్టు గీసుకొచ్చింది.

మేమిద్దరం ప్రొద్దుటూరులో కలిసి ఇంజనీరింగ్ చదివాం. ఆమె బొమ్మలు వేస్తుంది, నేను ప్రోగ్రాం రాస్తాను. వాళ్ళ నాయన నూరుల్లా మామ కువైట్ నుంచి తిరిగొచ్చి సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. అంగడి మీదున్న రేకుల గది మాకిచ్చాడు. ఆ రేకుల కింద ఉడికి ఉడికి మేం చేసిన ఆట పేరు ‘మంద’.

ఆటలో నువ్వు ఆదెన్న అనే గొర్రెల కాపరివి. నీ తమ్ముడు తిప్పన్న ఎప్పుడూ నీ వెంటే ఉంటాడు. ఊళ్ళో రెండు పెద్దిళ్ళున్నాయి, పైయిల్లు, కిందిల్లు. రెంటి మధ్యా తాతలనాటి పగ. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. పైయింటివాళ్ళు ఒక పార్టీలో చేరారు కాబట్టి కిందింటివాళ్ళు ఇంకో పార్టీలో చేరారు. సిద్ధాంతాలేమిటని అడక్కండి, వాళ్ళకే తెలీదు. పగలంతా నువ్వు గొర్రెల్ని మేపుకోవచ్చు. పొద్దు మునిగేసరికి మాత్రం మందను ఎవరో ఒకరి చేలో కట్టాలి. రాత్రంతా గొర్రెలు పడుకున్న నేలకు మంచి ఎరువు, కాపరికి నాలుగు జొన్నలు. మామూలు ఊళ్ళో సంగతి ఇంతే. ఫ్యాక్షన్ ఊళ్ళో అట్లా కాదు. మంద ఎవరి చేలో పడుకుంటే కాపరి వాళ్ళ మనిషి. వాడు నోరు విప్పనక్కర్లేదు, గొర్రెలే చెప్పేస్తాయి.

పైయింటి చేలో కడితే కిందింటివాళ్ళకు కోపం. కిందింటి చేలో కడితే పైయింటివాళ్ళకు కోపం. మందను తోలుకుని ఊరొదిలి పోదామంటే ఏ దారిన పోయినా ఎవరో ఒకరి పొలం దాటాలి. ఎటు దాటితే అటు కలిసిపోయినట్టే లెక్క. ఏ దారి పట్టినా ఎన్నికల లోపల తిప్పన్నను చంపేస్తారు.

ఆదెన్న మా నాయన. తిప్పన్న మా చిన్నాయన. పేర్లు కూడా మార్చలేదు, మారిస్తే నా చేతులు ఆడేవి కావు. తొంభయ్యారు ఎన్నికలప్పుడు నాకు ఏడాది. అన్నదమ్ములిద్దరూ బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నారట. ఒక రాత్రి పైయింటి చేలో, ఒక రాత్రి కిందింటి చేలో. ఇద్దరికీ సమానంగా ఉంటే ఇద్దరికీ మంచిగా ఉన్నట్టని వాళ్ళ నమ్మకం. ఊళ్ళో అంతకంటే ప్రమాదకరమైన పని ఇంకొకటి లేదు. తమవాళ్ళు రాత్రి ఎక్కడెక్కడ పడుకుంటున్నారో కిందింటికి మోస్తున్నారని పైవాళ్ళకు అనుమానం, పైయింటికి మోస్తున్నారని కిందివాళ్ళకు అనుమానం. రాత్రిపూట మోటారు కొట్టంలో పడుకున్న కిందింటి మనిషి ఒకడు దెబ్బలు తిన్నాడు. ఆ వారంలోనే వంకలో చిన్నాయన శవం దొరికింది. రెండిళ్ళలో ఎవరు చేశారో ఇప్పటికీ తెలీదు. మా నాయన మందను పులివెందుల వ్యాపారికి తోలేసి, అమ్మనూ నన్నూ తీసుకుని చక్రాయపేటలోని అమ్మ పుట్టింటికి, అక్కణ్ణుంచి ప్రొద్దుటూరుకు వచ్చేశాడు. బట్టల అంగడి ముందు వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. ఇదంతా మా అమ్మ అక్కమ్మ చెప్పింది. నాయన ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

బెంగళూరు కంపెనీ ఒకటి మా ఆట చూసి ఎగిరి గంతేసింది. ఇట్లాంటి చోటు ఏ ఆటలోనూ చూడలేదన్నారు. పదిమంది చేత ఆడించారు. తర్వాత అసలు సంగతి బయటపెట్టారు. ఎంత బాగా ఆడినా తిప్పన్న చనిపోతున్నాడు, ఇది అన్యాయం అని ఆడినవాళ్ళంతా గొడవ చేశారట. "తెలివిగా ఆడేవాళ్ళు తప్పించుకునే దారి ఒకటి పెట్టండి, అప్పుడే తీసుకుంటాం. నెలాఖరులోగా పంపండి" అన్నాడు ఫోన్లో అబ్బాయి. చల్లటి గదిలో కూర్చుని న్యాయం గురించి మాట్లాడుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం? ఇది పోతే మాకు ఇంకో కంపెనీ లేదు, మిగిలేది ఆ రేకుల గదే.

"దారి ఉండిందేమో. మీ నాయన్ను అడుగు," అంది మైమూన్.

"నోరు తెరవడే."

"నోరు తెరవనక్కర్లేదు. ఆడమను."

నాకది నచ్చింది. నా ఫోన్లో ఆట ఎక్కించి నాయన చేతిలో పెట్టాను. "నాయనా, ఇది మన ఊరే. నువ్వే ఈ మనిషివి. చిన్నాయన్ను బతికించే దావ ఏదన్నా ఉంటే చూపించు," అన్నాను. నాయన ఫోను చాలాసేపు దూరంగా పట్టుకుని చూశాడు. తుమ్మచెట్టు, వంక, గొర్రెలు. తువ్వాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు.

"యాడ నొక్కల్ల పాపా?" అన్నాడు.

మొదటిరోజు అంగడికి పోకుండా ఆడాడు. రెండోరోజూ అంతే. గొర్రెల అరుపులు, చిన్నాయన గొంతు లోపలి గదిలోంచి వినిపిస్తూనే ఉన్నాయి. ఆ గొంతు నూరుల్లా మామది. మామ చేత నాలుగు మాటలు పలికించి రికార్డు చేశాం. నాయన అన్ని దారులూ వెతుకుతున్నాడని నేను సంబరపడ్డాను. ఏదో ఒకటి దొరుకుతుంది, దొరక్కుండా ఎట్లా ఉంటుంది అనుకున్నాను. వారం గడిచాక ఎక్కడిదాకా వచ్చాడో చూద్దామని వెనక నిలబడి తొంగిచూశాను.

ఆటలో ఇంకా మొదటిరోజు మధ్యాహ్నమే.

తప్పు నాదే. కొత్తగా ఆడేవాళ్ళు కంగారుపడకూడదని మొదటిరోజుకు ఒక వెసులుబాటు పెట్టాను. మందను చేల వైపు మళ్ళిస్తేనే పొద్దు వాలుతుంది, అంతవరకూ ఎండ అట్లాగే ఉంటుంది. మామూలుగా ఆడేవాళ్ళు కాసేపు చుట్టూ చూసి మళ్ళిస్తారు. నాయన మళ్ళించలేదు. తుమ్మచెట్టు కింద తనను కూర్చోబెట్టుకున్నాడు, పక్కన తిప్పన్నను కూర్చోబెట్టుకున్నాడు. మాట్లాడించే బటన్ నొక్కుతాడు. "అన్నా, దప్పికైతాంది," అంటాడు తిప్పన్న. "సొరబుర్రలో నీళ్ళుండాయి, తాగుపో," అంటాడు నాయన పైకే. మళ్ళీ నొక్కుతాడు.

నాకు కోపం ఆగలేదు. "నెలాఖరు వస్తాంది నాయనా! నేను దావ చూపించమంటే నువ్వు ఈడనే కూచున్న్యావు!"

"దావ యాడుంది పాపా?" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే. "పొద్దు మునిగితే యాడో ఒకచోట కట్టాల్సిందే. మునక్కుంటే మేలు. ఈడ బాగుండాడు వాడు."

ఆ మాటతో నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మూసుకోలేదు. ఆ రాత్రి బెంగళూరుకు కావలసిన దారి నేనే అల్లాను. ఆదెన్న మాటకారితనం బాగా పెంచుకుంటే పైయింటి పెద్దాయన్నీ కిందింటి పెద్దాయన్నీ గండి ఆంజనేయస్వామి గుళ్ళో ఎదురెదురుగా కూర్చోబెట్టగలడు. ఇద్దరూ రాజీపడతారు. తిప్పన్న బతుకుతాడు. చదువుకుంటే నాకే సిగ్గేసింది గానీ, ఆడేవాళ్ళకు నచ్చుతుందని తెలుసు. పొద్దున నాయనకు చదివి వినిపించాను.

నాయన ఎప్పుడూ నామీద గొంతు పెంచలేదు. చిన్నప్పుడు పలక పగలగొట్టినా పెంచలేదు. ఆ పొద్దున చేతిలోని కాఫీ గ్లాసు నేలకేసి కొట్టాడు.

"ఏంది నువ్వు రాసింది? నాలుగు మంచి మాటలు చెప్పింటే వాడు బతికిండునా? అట్లయితే చెప్పలేంది ఎవురు? నేను గదా! లోకంలో ఉండే పిల్లోళ్ళంతా ఆడుకుంటా నీ చిన్నాయన్ను బతికించుకుంటారు. నేనొక్కన్నే సంపుకున్నోన్ని. అంతేగదా నీ ఆట?"

అమ్మ గాజుపెంకులు ఏరుతూ నావైపు చూసింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తప్పించుకునే దారి ఒకటి పెట్టడమంటే మా నాయన మీద నేరం మోపడమని, అన్ని రోజులు ప్రోగ్రాం రాసిన నాకు తట్టనేలేదు. ఆ దారి అక్కడికక్కడే చెరిపేశాను. చెరిపేశానని ఆయన కళ్ళముందే చూపించాను.

చాలాసేపటికి నాయన మెత్తబడ్డాడు. తువ్వాలు భుజాన వేసుకుని గడప మీద కూర్చుని, ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఒగటి మారుస్తావా?" అన్నాడు. "వాడు నన్ను అన్నా అని ఎన్నడూ పిలవల్యా. ఏడాదే చిన్నోడు, మర్యాద యాడొస్తాది. ‘ఒరే ఆదిగా’ అనేటోడు. నేను లేసి పోదామంటే, ‘పొద్దు శానా ఉంది, కూచోరా’ అనేటోడు."

ఆ సాయంత్రమే మామను మైకు ముందు కూర్చోబెట్టాను. ఆయన నసిగాడు. "పెద్దోన్ని పట్టుకుని ఒరే ఆదిగా అంటే మీ నాయన ఏమనుకుంటాడమ్మా?" అన్నాడు. విషయం చెప్పాక కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, ఒక్కసారికే సరిగ్గా అన్నాడు.

నెలాఖరుకు ఆటను ఎట్లా ఉందో అట్లాగే బెంగళూరుకు పంపాం. మొదటిరోజు వెసులుబాటు తీసేయలేదు. తప్పించుకునే దారి లేదనీ, ఉండబోదనీ రాశాను. చాలా మర్యాదగా వద్దన్నారు. పైగా ఒక సలహా ఇచ్చారు: మొదటిరోజు మధ్యాహ్నం ఎంతసేపు కూర్చున్నా పొద్దు వాలడం లేదు, ఏదో లోపం ఉన్నట్టుంది, సరిచూసుకోండి. మైమూన్ అది చదివి తలుపు దభాలున వేసి కిందికి దిగిపోయింది. ఆమె రెండేళ్ళ బొమ్మలు కూడా అందులోనే ఉన్నాయి మరి. రెండురోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, చిన్నాయన తల తిప్పి చూసే బొమ్మ ఇంకొంచెం బాగా వేసింది.

ఇంతలో అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. అమ్మానాయనల ఓట్లు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నాయి. ప్రొద్దుటూరుకు మార్పించుకుందామని ఎన్నిసార్లన్నా నాయన ఒప్పుకోడు. "అదీ తీసేస్తే ఊరు పూర్తిగా పోతాది," అంటాడు. ప్రతి ఎన్నికలకూ రెండిళ్ళవాళ్ళూ ఆయన కోసం బండి పంపుతారు. పైయింటి మనవడు ఇప్పుడు తాతనాటి పార్టీలో లేడు, కిందింటి కొడుకూ లేడు. ఇద్దరూ చెరో పార్టీకి మారి మళ్ళీ ఎదురుబొదురుగానే నిలబడ్డారు. నువ్వు ఓటు ఎవరికి వేశావో ఎవరికీ తెలీదు. ఎవరి బండి దిగావో మాత్రం ఊరంతా చూస్తుంది. పోనీ బస్సులో పోదామంటే, ‘రెండు బండ్లూ కాదన్నాడు, వీడి లెక్కేంది’ అంటారు ఊళ్ళో. అందుకే ప్రతి ఎన్నికల పొద్దునా మా నాయనకు జ్వరం వస్తుంది.

ఈసారీ పొద్దున్నే రెండు బండ్లూ వచ్చాయి. మా సందు చిన్నది. ఒకటి ఇటు మొగదల, ఒకటి అటు మొగదల, మధ్యలో మా ఇల్లు. రెంటికీ జెండాలు. పైయింటి బండిలోంచి సిద్దయ్య అనే మనిషి దిగాడు. ఊళ్ళో ఉన్నప్పుడు నాయనతోపాటు గొర్రెలు కాసినవాడే.

"ఆదెన్న మామా! బండొచ్చింది, దా. ఊరు చూసి శానా దినాలైంది గదా!"

అటు చివరనుంచి ఇంకో గొంతు. "ఆదెన్నా, మన బండి ఈడుంది. ఈ పక్క రాప్పా!"

అమ్మ గడప దగ్గర అడ్డంగా నిలబడి జ్వరమని చెబుతోంది. సిద్దయ్య నవ్వుతున్నాడు, "ఎప్పుడూ ఈ దినమే వస్తాదే జరం!" అంటున్నాడు. నవ్వులో తప్పేమీ లేదు, కానీ కాలు కదపడం లేదు. అటు బండీ కదలడం లేదు. అవతలివాడు పోకుండా ఎవడూ ముందు పోడు. అమ్మ ఒక తలుపు రెక్క మూసింది. నేను లోపలికి పోయాను.

నాయన కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. జేబులో ఓటరు కార్డు కూడా పెట్టుకున్నాడు. ప్రతిసారీ అట్లాగే తయారవుతాడట, అమ్మ తర్వాత చెప్పింది. కిటికీ మూసిన గదిలో మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. చేతిలో నా ఫోను. తెర మీద తెల్లటి ఎండ, తుమ్మచెట్టు నీడ, తలలు వంచి మేస్తున్న గొర్రెలు.

బయట రెండు బండ్లూ ఒకేసారి హారన్ మోగించాయి. నాయన వేలు బటన్ మీద పడింది. తిప్పన్న తల తిప్పి చూశాడు.

"ఒరే ఆదిగా, పొద్దు శానా ఉంది, కూచోరా."

"కూచోనే ఉండా గదరా," అన్నాడు మా నాయన.